రెండు వైపులూ అయ్యేదాకా

పాటల రికార్డుని అంచుల దగ్గరే పట్టుకోవాలి, గుడ్డని గాడి వెంట గుండ్రంగా తిప్పాలి, పొరపాటున కూడా అడ్డంగా రుద్దకూడదు. పెళ్ళైన కొత్తలో ఆయన నేర్పిన పాఠం అది. ఆ రోజుల్లో నేర్పిన మిగతా పాఠాలన్నీ ఆయనే మర్చిపోయాడు గాని, ఇది మాత్రం ఇద్దరికీ గుర్తుంది: ఆమెకి చెయ్యడం, ఆయనకి చేసిందో లేదో చూడడం.

"కిందటి వారం గాడి మీద వేలిముద్ర ఉంది," అన్నాడు ఆయన, పేపరు మీంచి తలెత్తకుండానే.

"నాది కాదేమో."

"మనింట్లో ఇంకెవరు ముట్టుకుంటారు? నేను వింటాను, నువ్వు తుడుస్తావు."

ఆ మాట నిందలా అనలేదు. పొద్దున్నే సూర్యుడు వస్తాడు, చీకటి పడితే పోతాడు అన్నంత మామూలుగా అన్నాడు. నిందలా అని ఉంటే ఆమె కూడా ఏదో ఒకటి అనేసి మర్చిపోయేది. మామూలుగా అన్నాడు కాబట్టి గుడ్డ పట్టుకున్న చెయ్యి గాడి మధ్యలో ఒక్క క్షణం ఆగింది.

ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే. ఆయన, ఆమె, అత్తగారు. ఒక్కగానొక్క కూతురు చదువుకని హాస్టల్లో ఉంది. రికార్డులు మాత్రం ఊరేగింపు తీయడానికి సరిపడా ఉన్నాయి. బీరువాలంతేసి స్పీకర్లు రెండు హాల్లో కాపలావాళ్ళలా నిలబడి ఉంటాయి. అవి ఇంట్లోకి దిగిన రోజున పక్కింటి కుక్క మంచం కిందకి దూరి బయటికి రానని మొరాయించిందనీ, ఎదురింటి గోడ గడియారం ఉలిక్కిపడి పది నిమిషాలు ముందుకి దూకిందనీ ఆయన అందరికీ చెబుతాడు. కుక్క సంగతి నిజమే. గడియారం ఆయన కలిపింది. ఆ రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో, ఎదురుగా, ఒక తోలు కుర్చీ ఉంటుంది. శబ్దం రెండు చెవుల్లోనూ సమానంగా పడే చోటు అదొక్కటే. దాని మీద దుమ్ము దులిపింది, చిరిగితే కుట్టింది, టీ ఒలికితే తుడిచింది ఆమే. కూర్చోవలసిన పని ఎప్పుడూ పడలేదు.

ప్రతి శనివారం సాయంత్రం అక్కడ సభ జరుగుతుంది. సభ అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. బీమా కంపెనీలో పనిచేసే ఈ ఇంటాయన, పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, తలుపు దగ్గర వంగితేగాని లోపలికి రాలేని టెలిఫోను ఇంజనీరు, ఒక మందుల షాపాయన. ఇంజనీరుని టవరు అంటారు. అయిదుగురికీ రాక్ సంగీతం పిచ్చి. మామూలు పిచ్చి కాదు. పళ్ళ డాక్టరు ఒకసారి పేషెంటు నోరు తెరిపించి పెట్టి, ఫోన్లో మాస్టారితో ఒక గిటారు వాయింపు గురించి వాదన పెట్టుకుంటే, పాపం ఆ మనిషి నోరు ముయ్యాలో వద్దో తెలియక ఆ వాదనంతా విని, లేచి వెళ్ళేటప్పుడు "మాస్టారే కరెక్టండీ" అన్నాడట.

ఏడాది చివర్లో ఒక్కొక్కరూ ఒక్కో ఆల్బం నిలబెడతారు. ఒక్కో శనివారం ఒక్కొక్కరిది మోగుతుంది. నిలబెట్టినవాడు దాని తరఫున వాదిస్తాడు, మిగతావాళ్ళు చీల్చి చెండాడతారు. ఆఖరి శనివారం చేతులెత్తి ఓటు వేస్తారు. ఎవరి ఆల్బానికి వాళ్ళు ఓటు వేసుకోకూడదు. గెలిచిన ఆల్బం అట్టకి ఫ్రేము కట్టి ఏడాది పొడుగునా హాలు గోడకి తగిలిస్తారు. ఇక్కడే ఉంది ఆయన బాధంతా. గోడ ఆయనది, మేకు ఆయన కొట్టింది, టీలు ఆయన ఇంటివి. కానీ ఆయన ఆల్బం ఆ గోడెక్కిన పాపాన పోలేదు. లిఫ్టులో ఇరుక్కున్న ఏనుగు బొమ్మ ఉంటుంది దాని మీద. సభలో అందరూ ఏనుగనే అంటారు. ప్రతి ఏడూ ఏనుగునే నిలబెడతాడు, ప్రతి ఏడూ అది ఓడిపోతుంది. సొంత హాల్లో కూర్చుని ఏడాదంతా పళ్ళ డాక్టరు ఆల్బం మొహం చూడాల్సి రావడం ఎంత నరకమో ఆయన ఆమెకి చాలాసార్లు చెప్పాడు. ఆమె సానుభూతిగానే విన్నది. ఒకరి ఇష్టాన్ని పొద్దస్తమానం కళ్ళెదుట పెట్టుకు బతకడం ఎలా ఉంటుందో ఆమెకి కొత్తేమీ కాదు.

ఈ ఏడు నలుగురి ఆల్బాలూ మోగాయి. అయిదో శనివారం మందుల షాపాయనది మోగాలి. ఆయన ఉన్నట్టుండి షాపు అమ్ముకుని, కొడుకు దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఏనుగుకి పడాల్సిన ఒక ఓటు పోయింది. ఆమె భర్త రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు ఒక్కసారిగా మొహం వెలిగింది.

"నువ్వు కూర్చో సభలో," అన్నాడు.

ఆమె చపాతీపిండి కలుపుతోంది. "నేనా? నాకేం తెలుసు?"

"తెలియక్కర్లేదు. చెయ్యెత్తితే చాలు. డాక్టరు మాస్టారికి వేస్తాడు, మాస్టారు డాక్టరుకి వేస్తాడు, వాళ్ళిద్దరిదీ పాత ఒప్పందం. టవరు ఈసారి నాకే వేస్తానన్నాడు. నువ్వు కూడా నాకు వేస్తే ఏనుగుకి రెండు. కాకపోతే మాస్టారు మెలిక పెట్టాడు. ఓటు వేసేవాళ్ళు తప్పకుండా ఒక ఆల్బం నిలబెట్టాలట, రూలు. అందుకని నీ తరఫున గొడుగు ఆల్బం రాయించాను. అది ఎలాగూ గెలవదు. నా ఓటు దానికి పారేస్తాను, ఎవడికీ లాభం ఉండదు."

"గొడుగు ఆల్బం ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటే ఏం? ఏదో కొంటే దాంతోపాటు ఊరికే వచ్చింది." ఆయన గొంతు తగ్గించి, పరీక్ష పేపరు అందించేవాడిలా అన్నాడు, "వాదించడానికి మూడు మాటలు చెప్తాను, కంఠస్థం చెయ్యి. ఒకటి, ఇది నిజాయితీ గల ఆల్బం. రెండు, గిటారులో పచ్చిదనం ఉంది. మూడు, తర్వాత వచ్చినవాళ్ళందరి మీదా దీని ముద్ర ఉంది. ఈ మూడూ ఏ ఆల్బానికైనా అతుకుతాయి. ఎవడూ కాదనలేడు."

పెళ్ళికి ముందు మొదటిసారి ఇద్దరూ కలుసుకున్నది ఒక హోటల్లో. చల్లారిపోతున్న టీల ముందు కూర్చుని ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "రాక్ అంటే ఇష్టమేనా?" ఆమెకి ఆయన నవ్వు నచ్చింది. రాక్ సంగతి ఏమీ తెలియదు. "ఆఁ" అంది. ఆ ఒక్క అక్షరాన్ని పునాది చేసుకుని ఆయన మేడ కట్టేశాడు. మా ఆవిడా మనలాంటిదే, రాక్ అంటే ప్రాణం, అని కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ చెప్పాడు. ఆమె పుట్టినరోజులకి రికార్డులు కొన్నాడు, విప్పి తనే విన్నాడు. "నీకోసం కొన్నా కదా, ఎలా ఉంది?" అంటే, "బాగుంది" అనేది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన ఆనందం బాగుంది. ఆమె చూసింది అదే. అంతకంటే ముందు పుట్టింట్లో అన్నయ్యకి ఏది ఇష్టమో అది వండేవాళ్ళు, నాన్నకి ఏ వార్తలు ఇష్టమో అవి మోగేవి. అలా ఒకరి ఇష్టం నీడలోంచి ఇంకొకరి ఇష్టం నీడలోకి నడిచి వచ్చింది తప్ప మధ్యలో ఎక్కడా ఎండ తగల్లేదు.

ఆ మూడు మాటలూ నెమరేసుకుంటూ ఆమె మర్నాడు పనికి వెళ్ళింది. పెయింట్ల షాపులో ఆమెది రంగుల కౌంటరు. గోడకి వేసే తెలుపు ఒకటే అనుకునేవాళ్ళు వచ్చి ఆమె ముందు కూర్చుంటే, పాల తెలుపు, ముత్యం తెలుపు, మబ్బు తెలుపు, గుడ్డుపెంకు తెలుపు అని అట్టముక్కలు పరుస్తూ పోతుంది, లేచేసరికి వాళ్ళ కళ్ళు తిరుగుతాయి. రంగు కలపడంలో ఆమె చెయ్యి పడితే తేడా రాదని అందరికీ తెలుసు. అయినా మేస్త్రీలు ఎవరైనా వచ్చి డబ్బా మూత గురించి అడిగినా సరే, యజమాని లోపల్నుంచి కేక వేస్తాడు, "మేడమ్‌ని అడక్కండి, సార్ వస్తున్నాడు!" ఆ సారు కిందటి నెలలో చేరిన కుర్రాడు. మూత ఎటు తిప్పాలో ఆమెనే చెవిలో అడుగుతాడు.

ఆ మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. పడగ్గదికి రంగు కావాలి. ఆమె అట్టముక్కలు పరిచి అలవాటు కొద్దీ భార్యనే అడిగింది, "మీకే రంగు ఇష్టమమ్మా?"

ఆ ఇల్లాలు భర్త వైపు చూసింది. ఆయన ఫోను చూసుకుంటున్నాడు. "ఆయనకి బూడిదరంగు ఇష్టమండీ."

"మీకు?"

ప్రశ్న తప్పుగా వినపడిందేమో అన్నట్టు ఆవిడ కళ్ళు చిట్లించింది. అట్టముక్కల మీద వేలు అటూ ఇటూ తిరిగింది, ఎక్కడా వాలలేదు. మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. ఆఖరికి చిన్నగా నవ్వి, "నాకలా ఏం లేదండీ," అంది.

రోజూ వినే మాటే. పిల్లల గది అయితే పిల్లల ఇష్టం, హాలు అయితే ఆయన ఇష్టం, వంటిల్లు అయితే మసి కనపడని రంగు. ఎప్పుడూ నవ్వుకుని బూడిదరంగు కలిపి ఇచ్చేది. ఆ వేళ మాత్రం ఆ మాట తిరిగొచ్చి తనకే తగిలింది. ఇదే ప్రశ్న ఎవరైనా నన్నడిగితే నా వేలు ఎక్కడ వాలుతుంది? ఇన్నేళ్ళుగా రాక్ మోత మధ్య బతుకుతున్నదాన్ని, శనివారం అయిదుగురిలో ఒకదాన్నై కూర్చోబోతున్నదాన్ని, నాకు ఏ ఆల్బం ఇష్టం? ఎంత వెతుక్కున్నా ఏమీ దొరకలేదు. ఇష్టమైనది లేకపోవడం కాదు, ఇష్టపడే చోటే ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టుంది. బీరువా తాళం పోయిందనుకుంటే వెతకవచ్చు. బీరువాయే కనపడకపోతే ఏం చేస్తారు?

బుధవారం ఆమెకి సెలవు. ఆయన ఆఫీసుకి వెళ్ళాక గొడుగు ఆల్బం తీసింది. తడి మెట్టు మీద ముడిచిన గొడుగు బొమ్మ. రికార్డు మీద ముల్లు పెట్టి నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోవచ్చు, అడ్డుకునేవాళ్ళు లేరు, అయినా నేల మీదే కూర్చుంది. పాట మొదలైంది. ఎవడో గొంతు చించుకుంటున్నాడు, వెనక గిటారు. ఆమె శ్రద్ధగా కళ్ళు మూసుకుంది. మూసుకోగానే కుళాయి చుక్క వినిపించింది. ఆ తర్వాత గేటు చప్పుడు, అత్తగారి దగ్గు, పాలవాడో కాదో తెలియని సైకిలు బెల్లు, కుక్కర్ ఎన్నో కూత అన్న అనుమానం. పాట తప్ప అన్నీ వినిపించాయి.

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఈ చెవులు తనవి కావు. ఇవి ఎప్పుడో ఉద్యోగంలో చేరిపోయాయి. పాప ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఏడుపు మొదలవక ముందే వచ్చే ఆ చిన్న గురక కోసం ఒక చెవి తలుపు అవతల పెట్టి పడుకునేది. ఆ చెవి మళ్ళీ ఇంట్లోకి రాలేదు. మామగారు మంచాన పడ్డప్పుడు రెండోది కూడా వెళ్ళింది. భర్త ఆ తోలు కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటే ఇంటి పైకప్పు ఎగిరిపోయినా తెలియదు. "పాటలో మునిగిపోతాను, అదంతే" అని గొప్పగా చెప్పుకుంటాడు. మునిగిపోవచ్చు మరి. ఒడ్డున ఒకరు కాపలా ఉన్నారన్న ధైర్యం ఉంటే ఎవరైనా మునుగుతారు.

"అమ్మాయ్!" అత్తగారు గదిలోంచి పిలిచింది. "ఏం చేస్తున్నావే?"

"పాట వింటున్నానత్తయ్యా."

"అదేలే, ఇంకేం చేస్తున్నావు?"

ఆమె లేచి ముల్లు ఎత్తేసింది.

శనివారం రానే వచ్చింది. ఆమె మధ్యాహ్నానికే పల్లీలు వేయించి, గ్లాసులు కడిగి, పాలు కాచి, టీపొడీ చక్కెరా దగ్గరగా పెట్టి, రాత్రి వంటకి పప్పు కుక్కర్లో వేసి సన్నమంట మీద పెట్టి వచ్చింది. ముగ్గురూ దిగారు. టవరు తలుపు దగ్గర వంగుతూ, "ఏం వదినా, ఇవాళ మీరు కూడా మాతో కుస్తీకా!" అన్నాడు. పళ్ళ డాక్టరు, "మేడమ్, ఏ పార్టీ మీరు?" అని కన్ను గీటాడు. లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. రూళ్ళన్నీ ఆయన రాసినవే. చాక్‌పీసు పట్టినట్టు వేళ్ళు పట్టి తోలు కుర్చీ చూపించాడు.

"కూర్చో చెల్లెమ్మా. రూలు తెలుసుగా. ఆల్బం నిలబెట్టినవాళ్ళు రెండు వైపులూ అయ్యేదాకా కుర్చీ దిగకూడదు. మధ్యలో వాళ్ళని ఎవరూ పలకరించకూడదు. దిగితే ఆల్బం రద్దు."

ఆమె కూర్చుంది. ఎన్నోసార్లు కుట్టిన కుర్చీయే, ఇంత లోతుందని అనుకోలేదు. వీపు వెనక్కి ఆనించడానికి కాసేపు సిగ్గేసింది. ఆయన స్వయంగా ముల్లు పెట్టాడు.

మొదటి పాట సగంలో ఉండగా కుక్కరు కూత పెట్టింది. ఆమె మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి.

"చెల్లెమ్మా!" మాస్టారు క్లాసులో అల్లరిపిల్లని ఆపినట్టు చెయ్యి చాపాడు.

"ఒక్క నిమిషం మాస్టారూ," అన్నాడు భర్త. "స్టవ్వు కట్టేసి, అలాగే టీ పెట్టుకుని వచ్చేస్తుంది."

"నీ ఏనుగు మోగిన రోజు నువ్వు దిగావా?"

"నాకు అవసరం రాలేదు."

"ఆవిడకి వచ్చిందనుకో, ఆల్బం రద్దు. ఆల్బం రద్దయితే ఓటూ రద్దు. ఆ పైన నీ ఇష్టం."

ఆయన వంటింటి వైపు చూశాడు. గోడ మీద కిందటేటి ఫ్రేము దించేసిన ఖాళీ మేకు వైపు చూశాడు. కుక్కరు మళ్ళీ కూసింది. లేచి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆ వంటింట్లో జరిగిన యుద్ధం చెప్పుకోవలసిందే. ముందు ఒక మూత కిందపడి బొంగరంలా తిరిగి తిరిగి పడుకుంది. "చక్కెర ఎక్కడుందీ?" అని కేక. ఆమె నోరు తెరిచేలోగా పళ్ళ డాక్టరు వేలు పెదాల మీద పెట్టుకుని, "ష్... పలకరించకూడదు" అన్నాడు. సాయం చేస్తానని టవరు వెళ్ళాడు. కాసేపటికి "ఉప్పురా బాబూ అది!" అని వినిపించింది. గదిలోంచి అత్తగారు పిలిచింది. "అమ్మాయ్! నా మాత్ర ఏదీ?" మళ్ళీ మోకాళ్ళు కదిలాయి, మళ్ళీ మాస్టారి చెయ్యి లేచింది. ఈసారి కూడా ఆయనే వెళ్ళాడు.

"నువ్వొచ్చావేంట్రా? అది లేదూ?"

"ఉందమ్మా. కూర్చుంది."

"కూర్చుందా!" అత్తగారి గొంతులో నిజమైన కంగారు. "ఒంట్లో బాగాలేదా?"

ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి కర్టెన్ పక్క నిలబడి కోడల్ని ఎగాదిగా చూసింది. జ్వరం లేదు, ఏడుపు లేదు. మనిషి ఊరికే కూర్చుని ఉంది. "ఎంతసేపలా?" అని మాస్టారిని అడిగింది. "రెండు వైపులూ అయ్యేదాకానమ్మా," అన్నాడు ఆయన. ఆవిడ అక్కడే స్టూలు మీద కూలబడింది.

టీ వచ్చింది. పెయింట్ల షాపులో ఆ రంగుని తడి ఇసుక అంటారు. ఆమె గ్లాసు పుచ్చుకుంది. ఎవరో పెట్టిన టీ, తను కూర్చుని ఉండగా తన చేతికి రావడం ఎలా ఉందో అనుకునేలోపు, మొదటి వైపు అయిపోయింది. మాస్టారు రికార్డు తిప్పి పెట్టాడు.

రెండో వైపు మొదలయ్యాక, ఎప్పుడన్నది చెప్పలేం గాని, చెవులు ఇంటికొచ్చేశాయి. మూత పడితే పడింది, అది ఎవరో తీస్తున్నారు. దగ్గు వస్తే ఆ మనిషి ఎదురుగానే ఉంది. కాపలా వేరేవాళ్ళకి అప్పజెప్పి, చెప్పులు విప్పుకుని లోపలికి వచ్చిన మనుషుల్లా రెండు చెవులూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ గోడ అవతల సామాను జరుపుతున్నట్టు వినపడిన మోత విడివిడిగా మనుషులైంది. ఇదిగో ఇతను పాడుతున్నాడు, ఇతను తీగ లాగుతున్నాడు, ఆ మూల ఇతను కొడుతున్నాడు. పాడేవాడి గొంతు ఆమెకి నచ్చలేదు. అద్దె పెంచినందుకు ఇంటివాడి మీద అరుస్తున్నవాడిలా ఉన్నాడు. గిటారు మరీ అంతసేపు ఎందుకు? చెప్పిందే చెబుతోంది, టవరు జోకుల్లా. నచ్చలేదు, అనుకుంది మనసులో. అనుకుని ఉలిక్కిపడింది. నచ్చలేదు! నాకు, ఇది, నచ్చలేదు. ఎవరి మొహమూ చూడకుండా, ఎవరినీ అడక్కుండా, దానంతట అదే వచ్చి కూర్చుంది ఆ మాట. చిన్నప్పుడు మొదటిసారి తనంతట తాను సైకిలు తొక్కినప్పుడు పట్టుకున్నవాళ్ళు వెనక ఎప్పుడో చెయ్యి వదిలేశారని తెలిసినట్టు, భయంగానూ గొప్పగానూ అనిపించింది. నవ్వు ఆపుకోలేక గ్లాసు అడ్డం పెట్టుకుంది.

మూడో పాట వేరేలా ఉంది. పాడేవాడు అదే గోల. కానీ డ్రమ్ములు కొట్టే మనిషి ప్రతి దెబ్బా ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా వేస్తున్నాడు. తెలియక కాదు, కావాలనే. మిగతావాళ్ళు రా రా అని పరిగెత్తిస్తుంటే, వస్తున్నా, వస్తాలే అన్నట్టు తన నడక తను నడుస్తున్నాడు. పిలవగానే పరిగెత్తని మనిషి. ఆమె కుర్చీ చేతి మీద వేళ్ళు ఆ ఆలస్యంతోపాటు మెల్లగా పడ్డాయి. ఆ పాట అయిపోతుంటే దిగులేసింది. ఏ పాట అయిపోయినందుకూ ఇదివరకు దిగులు పడింది లేదు.

ముల్లు లేచింది.

"ఊఁ, వాదించు," అన్నాడు భర్త హుషారుగా. చేతిమీద టీ ఒలికి కాలిన ఎర్రమచ్చ మీద ఊదుకుంటూ, మూడు వేళ్ళు దొంగచాటుగా చూపించాడు. మూడు మాటలు, గుర్తుందా?

గుర్తున్నాయి. నిజాయితీ, పచ్చిదనం, ముద్ర. నాలుక చివరనే ఉన్నాయి. ఆమె ఒక్కసారి అందరినీ చూసింది.

"ఈ ఆల్బం నాకు నచ్చలేదు," అంది.

పళ్ళ డాక్టరు నోరు, ఎప్పుడూ పేషెంట్లవే తెరిపించే ఆయన నోరు, తనంతట తెరుచుకుంది.

"సొంత ఆల్బాన్ని పట్టుకుని అలా అంటారా వదినా!" టవరు లేచి నిలబడి దీపానికి తల కొట్టుకున్నాడు. "మేం ప్రాణం పోయినా అనం!"

"రెండో వైపు మూడో పాట మాత్రం చాలా బాగుంది. డ్రమ్ములాయన కోసం. ఆ ఒక్కదానికి మీరెవరైనా ఓటు వేస్తానంటే వెయ్యండి. మిగతాది వద్దు."

మాస్టారు రూళ్ళన్నీ మనసులో తిరగేశాడు. నిలబెట్టినవాళ్ళు నచ్చలేదనకూడదని ఎక్కడా రాయలేదు. ఎవరైనా అలా అంటారని ఆయనకి తోస్తే గదా. "సరే," అన్నాడు చివరికి, "ఓట్లు. ముందు ఏనుగు. ఏనుగుకి ఎవరు?"

టవరు తల రుద్దుకుంటూనే చెయ్యి ఎత్తాడు. భర్త ఆమె వైపు తిరిగాడు. మొహం అప్పటికే గోడ మీద ఏనుగుని చూస్తున్నట్టు వెలిగిపోతోంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

"ఏయ్," అన్నాడు మెల్లగా. "చెయ్యి."

"వినలేదండీ."

"ఏనుగుకి వెయ్యమంటున్నా!"

"మీ మాట వినపడింది. మీ ఏనుగుని నేను వినలేదు అంటున్నాను."

"ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో మోగుతోంది! మొన్న మొన్న శనివారం మోగింది! నువ్వు ఇంట్లోనే ఉన్నావు!"

"ఉన్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను. నాకు తెలిసినంతలో మీ ఏనుగంటే ఉల్లిపాయల వాసన. డాక్టరుగారిదంటే బట్టల ఇస్త్రీ. మాస్టారిది మోగినప్పుడు అత్తయ్య కాళ్ళకి మందు రాస్తున్నాను. టవరుగారిది ఏ రోజో కూడా తెలియదు, గ్యాసు అయిపోయి హడావుడిలో ఉన్నా." గొంతు పెంచలేదు. రంగుల కౌంటర్లో అట్టముక్కలు పరిచినట్టు ఒక్కొక్కటీ వరసగా ముందు పెట్టింది. "విననివాటికి ఎలా వేస్తాను? అది మీ రూలుకే అవమానం కదా మాస్టారూ."

మాస్టారు ఒప్పుకుంటూ తల ఊపాడు.

"అందుకని నేనొకటి అనుకున్నాను," అంది. "వచ్చే శనివారం మీది, పై వారం డాక్టరుగారిది, ఆ తర్వాత మాస్టారిది, ఆ తర్వాత టవరుగారిది. నాలుగు శనివారాలు ఈ కుర్చీలో కూర్చుంటాను, రెండు వైపులూ అయ్యేదాకా. అన్నీ విన్నాక చెయ్యి ఎత్తుతాను."

"మరి టీలు?" అన్నాడు టవరు, నోరు జారి.

"మీరంతా పెద్దవాళ్ళు. మీలో మీరు తేల్చుకోండి."

స్టూలు మీంచి అత్తగారు, "చక్కెర డబ్బా పై అరలో ఉంటుందిరా, ఎర్ర మూత," అంది కొడుకుతో. అది కోపమో, సలహాయో, లేక వచ్చే వారానికి ముందస్తు ఏర్పాటో ఎవరికీ తెలియలేదు.

ముగ్గురూ వెళ్ళిపోయాక ఆయన గొడుగు ఆల్బాన్ని అట్టలోకి దూర్చాడు. అంచుల దగ్గర పట్టుకోవడం మర్చిపోయాడు. ఆమె ఇంకా కుర్చీలోనే ఉంది. కోప్పడతాడని ఎదురుచూసింది. కోపం రావాల్సిందే, దాని గుర్తులన్నీ మొహం మీద ఉన్నాయి. కానీ వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఒకవేళ," అన్నాడు, "ఏనుగు నీకు నచ్చకపోతే?"

అది మొగుడి గొంతు కాదు. ఓ కుర్రాడు తనకెంతో ఇష్టమైనది ఎదుటి మనిషి చేతిలో పెట్టి, ఆ మనిషి మొహం వైపు చూడ్డానికి భయపడుతున్న గొంతు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమెని ఎన్నో అడిగాడు. జవాబు ఏమొస్తుందో తెలియక అడిగింది మాత్రం ఇదొక్కటే.

ఎప్పటిలా "ఎందుకు నచ్చదండీ" అని ఉంటే ఆయన హాయిగా అన్నం తినేవాడు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. దాన్ని అక్కడే ఆపింది.

"నాకూ తెలియదు," అంది. తెలియకపోవడం ఆమెకి ఎంతో బాగుంది.